రిటర్న్ డేటు దాటిన బోగీ

పోయిన వారం సూసన్నను మనం గోల్‌బజార్ నడిబొడ్డున నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో చేపల సంచి, ఇంకో చేతిలో కొత్తిమీర కట్టలు, ఎదురుగా రక్తపరీక్షల లేబ్ నడిపే బెంగాలీ దాదా. వారం రోజులుగా పాపం ఆవిడ అక్కడే ఉంది, ఆ చేపల గతి ఏమైందో అడగకండి. ఆ దాదా చెడ్డ మాటేమీ అనలేదు. ఇంట్లో మనిషి ఎలా ఉన్నాడని అడిగాడు. తొలిసారి తర్వాత మీ ఆయన పరీక్షకు మళ్లీ రానే లేదే దీదీ, కలకత్తాలోనే చేయించుకుంటున్నాడా అని మామూలుగా అన్నాడు. అని తన దారిన తను పోయాడు. పిడుగు వేసినవాడికి ఆ సంగతే తెలియదు.

ఈ వారమే మన కథలోకి వచ్చినవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. సూసన్న భర్త సొలొమోను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరైన మనిషి. కిందటేడాది ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్ ఉందని తేలితే, కలకత్తాలో ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని తీసేశారు. ఆ తర్వాత చేసిన మొదటి రక్తపరీక్ష శుభ్రంగా వచ్చింది. ఆ ఆదివారమే ఆయన తెలుగు చర్చిలో లేచి నిలబడి, జబ్బు వేళ్లతో సహా పోయిందని సాక్ష్యం చెప్పాడు. అయినా డాక్టరు మూడు నెలలకోసారి రక్తం చూపించుకోమన్నాడు కాబట్టి రెండుసార్లు పొద్దున్నే బయల్దేరి వెళ్లాడు, మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరుతో తిరిగొచ్చాడు. బాగానే ఉన్నాదట అన్నాడు. సూసన్న నమ్మింది.

ఇప్పుడు టోటో అనే బ్యాటరీ రిక్షాలో కూర్చుని ఇంటికి వస్తున్న సూసన్న కళ్ల ముందు ఆ దూదే కనబడుతోంది. రక్తం ఇచ్చి నీరసంగా వచ్చాడు కదా అని ఆ రెండు రోజులూ ఆయనకు కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టింది. ఉప్పు, మిరియాల పొడి చల్లి మరీ పెట్టింది. వాటిని ఆయన నోరు చప్పరిస్తూ తిన్నాడు. ఆ గుడ్లు గుర్తొచ్చేసరికి ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సుభాష్‌పల్లిలో వాళ్ల వీధి మలుపు తిరగగానే టోటోవాడు ఆపేశాడు. ముందుకు వెళ్లడానికి దారి లేదు. వెదురు గెడలు, టార్పాలిన్లు, అద్దె కుర్చీలు వీధి నిండా దింపి ఉన్నాయి. మరి ఆదివారం నాడు సొలొమోను ఇంట్లో కృతజ్ఞత కూడిక. ఆపరేషన్ జరిగి ఏడాది నిండినందుకు ప్రార్థన, పాటలు, సాక్ష్యం, చివర్లో బిర్యానీ. చర్చి అంతా వస్తుంది, ట్రాఫిక్ కాలనీ నుంచి సగం మంది వస్తారు, వర్క్‌షాపులో కలిసి పనిచేసిన హిందువులూ బెంగాలీలూ కూడా వస్తారు. ఇంటిల్లిపాదీ వారం నుంచి పండగ ఉత్సాహంలో ఉన్నారు. రైల్వే బుకింగ్ కౌంటర్లో పనిచేసే కూతురు ఏంజలిన్ ఆ రోజుకు సెలవు కూడా పెట్టేసింది.

టెంటు పని చూస్తున్నది సిరిల్. సొలొమోను చేతికింద బ్రష్షు పట్టడం నేర్చుకుని, ఇప్పటికీ వర్క్‌షాపులోనే ఉన్న మనిషి. యాభై దాటినా సొలొమోను ముందు నిలబడితే ఇంకా శిష్యుడే. గెడలు ఎక్కడ పాతాలో చెబుతూ చెబుతూ మధ్యలో పెరటి వైపు గబగబా వెళ్లి వస్తున్నాడు. సూసన్న గుమ్మంలోకి వచ్చేసరికి అలా మూడోసారి వెళ్తున్నాడు. టీలు ఎక్కువైపోయాయి కాబోలు అనుకుంది. ఆవిడకు ఆ క్షణాన సిరిల్ సంగతి పట్టించుకునే తీరిక లేదు.

వరండాలో సొలొమోను ప్లైవుడ్ పలక మీద అక్షరాలు రాస్తున్నాడు. "సంపూర్ణ స్వస్థతకు కృతజ్ఞత కూడిక." నీలం మీద పసుపు. ముప్పై అడుగుల దూరం నుంచి చదువుకోగలిగేలా ఉంది ఒక్కో అక్షరం. భార్యను చూసి, బ్రష్షు ఎత్తి, ఎలా ఉందని కళ్లతోనే అడిగాడు. ముఖం వెలిగిపోతోంది. నిజం చెప్పాలంటే మనిషి కూడా తేరుకున్నాడు. ఆపరేషన్ అయిన కొత్తలో పరిస్థితి వేరు. గొట్టం తీసేశాక మూత్రం నిలిచేది కాదు. దగ్గినా తుమ్మినా జారిపోయేది. పెద్దవాళ్లు కట్టుకునే డైపర్లు లుంగీ కింద కట్టుకుని, ఎవరైనా వస్తే లేవడానికి సిగ్గుపడి కూర్చునే పలకరించేవాడు. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు కింది కండరాలను బిగించి వదలాలి, రోజూ చెయ్యాలి అని డాక్టరు నేర్పించాడు. సొలొమోను ఆ పనిని చర్చిలోనూ మానలేదు. ప్రసంగం మధ్యలో కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, ముఖం ఎర్రగా చేసుకుని కూర్చుంటే, ఆత్మ తాకింది కాబోలని వెనక వరసవాళ్లు మెచ్చుకున్నారు. అలా అలా ఆర్నెల్లకు డైపర్ల అవసరం తీరింది. ఇప్పుడు తుమ్మినా భయం లేదు.

సూసన్న చేపల సంచి గోడవార పెట్టింది. సిరిల్‌ను పిలిచి, మిగతా గెడలు రేపు పాతుకోవచ్చు, ఇంటికి వెళ్లిరమ్మంది. అతను వెళ్లేదాకా నోరు విప్పలేదు. గేటు గడియ పడ్డ చప్పుడు వినబడ్డాక మొగుడి ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఏంజలిన్ డాడీ, ఏదీ, ఆ సెయ్యి ఇలగివ్వు."

రంగు అంటిందేమో తుడుస్తుందనుకుని ఆయన అమాయకంగా చెయ్యి చాపాడు. ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి మడత చూసింది. రెండో చెయ్యి కూడా మడిచి చూసింది.

"సూది ఏ సేతికి గుచ్చినారు?"

సొలొమోను నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"గోల్‌బజార్లో లేబు దాదా కనిపించినాడు" అంది సూసన్న. "మన బీరువాలో ప్లాస్టరు సుట్ట ఏల తరిగిపోతందా అనుకున్నాను. ఇంట్లోనే అతికించుకుని ఎల్లేవోడివా, వచ్చినప్పుడు అతికించుకునేవోడివా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు సొలొమోను. దూది చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లేవాడట. తిరుగు దారిలో, వీధి చివర కొళాయి దగ్గర ఆగి అతికించుకునేవాడట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటారు చూడండి, అదే ఇది. మరి ఆ పొద్దున్నపూటలు అంతసేపు ఎక్కడికి పోయావని అడిగితే, స్టేషనుకని చెప్పాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే బళ్లు చూసేవాడట.

"నువ్వక్కడ బళ్లు సూస్తన్నావు, నానిక్కడ గుడ్లు ఉడకెట్టినాను" అంది సూసన్న. ఎన్ని మాటలు దాచుకుని వచ్చిందో, ముందు గుడ్లే బయటపడ్డాయి.

సొలొమోను బ్రష్షును కిరసనాయిలు డబ్బాలో ముంచి, నెమ్మదిగా తుడుచుకుంటూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు. తను దేవుడి సన్నిధిలో నిలబడి జబ్బు పోయిందని చెప్పిన మనిషి. అలా చెప్పి, మళ్లీ వెళ్లి ఉందో లేదో చూడండని చెయ్యి చాపితే అది దేవుణ్ణి అనుమానించడం కాదా. లేబ్ ముందు చర్చివాళ్లు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు. తన సాక్ష్యం విని ఎంతమంది ఏడ్చారో సూసన్నకు తెలియదా. పాస్టరు గారు దాన్ని ఊరూరా చెబుతున్నారు కూడా.

ఆ రోజు చర్చిలో అందరికంటే గట్టిగా స్తోత్రం పలికింది సూసన్నే. ఇది ఒక్క సొలొమోను తప్పే అనడానికి నోరు రాలేదు. కానీ ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి అబద్ధం చెబితే ఎలా ఉంటాడో, సగం నిజం చెబితే ఎలా ఉంటాడో ఆవిడకు తెలుసు. సగం నిజం చెప్పినప్పుడు చేతిలో పని ఆపడు. ఇప్పుడు బ్రష్షు శుభ్రపడిపోయింది, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"అదొక్కటే కాదు. ఇంకోటేదో ఉన్నాది. సెప్పు."

బ్రష్షు ఆగింది.

"నువ్వు టీకి కిందికెల్లినావు సూసన్నా, ఆస్పత్రిలో. అప్పుడు డాక్టరు బాబు వచ్చినాడు. కోసి తీసిన గడ్డని పరీచ్చకి అంపినారు కద. కోసిన అంచు దాకా ఉన్నాదట అది. అంచు అవతల ఓ నలుసు ఒగ్గేసినట్టు అవ్వొచ్చు, అవ్వకపోవొచ్చు, అందుకే తప్పకుండా రగతం సూపించుకుంటా ఉండాల అన్నాడు." సొలొమోను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. "తొలి పరీచ్చ బాగొచ్చినాది. సాచ్చెం సెప్పేసినాను. సెప్పినాక నిజంగానే పోయినట్టనిపించినాది నాకు. మళ్లీ సూపించుకుంటే, ఉన్నాది అంటే? దేవుడు అబద్దికుడా, నాను అబద్దికుణ్ణా? బయమేసినాది సూసన్నా. అంతే. బయమేసినాది."

సూసన్నకు కోపం పోయి భయం వచ్చింది. వెంటనే భయం పోయి ఇంకా పెద్ద కోపం వచ్చింది. ఏడాదిగా ఈ మనిషి ఒక్కడే ఇంత బరువు మోసుకుంటూ పక్కనే పడుకున్నాడు, తను హాయిగా గురకపెట్టి నిద్రపోయింది. అది తలచుకుంటే ఆవిడకు ఆయన్ని కొట్టాలనీ ఉంది, దగ్గరకు తీసుకోవాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు. ఏం చెయ్యాలో తెలియక, ఆడవాళ్లు ఇలాంటప్పుడు అడిగే పనికిమాలిన ప్రశ్నే అడిగింది. ఆ ప్లాట్‌ఫారం మీద అంతసేపు ఏం చూశావు అని.

"ఏటి సూస్తాను. బోగీలు" అన్నాడు సొలొమోను. "ఒకరోజు ఓ బోగీ సూసినాను. రిటన్ డేటు దాటిపోయి ఎన్నాళ్లయినాదో. రంగు సెక్కు సెదరనేదు, పైకి పెళ్లికూతురిలాగున్నాది. అలగే తిప్పేస్తన్నారు. ఏ ఎదవ ఒగ్గేసినాడో, ఎక్కినోళ్ల పేణాలంటే లెక్కలేదా అని తిట్టుకున్నాను."

వర్క్‌షాపు కుటుంబాల్లో ఈ మాట వివరించక్కర్లేదు, మనకు కావాలి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు మరమ్మతుకు వచ్చిన ప్రతి బోగీ, చక్రాల నుంచి కప్పు దాకా విప్పి బాగుచేయించుకుని, కొత్త రంగు వేయించుకుని బయటికి పోతుంది. పోయే ముందు, అది మళ్లీ ఎప్పుడు తిరిగి రావాలో ఆ తేదీని దాని కొస గోడ మీదే రాస్తారు. అదే రిటర్న్ డేటు. సొలొమోను చేతి మీదుగా ఎన్ని వేల బోగీలు ఆ తేదీతో దేశం మీదికి వెళ్లాయో లెక్క లేదు.

సూసన్న చీర కొంగు నడుముకు దోపుకుంది.

"బాగయిపోయిన బోగీకి డేటెందుకు రాస్తారు?"

"మళ్లీ సూసుకోవాల కద."

"అంటే మీ షాపోళ్లు సరిగ్గా బాగుసెయ్యనట్టా? డేటు రాసినారంటే బోగీ మీద అనుమానమా, మేస్త్రీ మీద అనుమానమా?"

సొలొమోను మళ్లీ బ్రష్షు తుడవబోతే సూసన్న దాన్ని లాక్కుంది.

"ఎవుడో ఎదవ అన్నావు కద ఇప్పుడు. డేటు దాటిన బోగీని తిప్పేస్తన్నోడు ఎదవైతే, మరి నువ్వేటి? దేవుడు నిన్ను బాగుసేసి బయటికి అంపినాడు. డాక్టరు బాబు సేత డేటు రాయించినాడు. ఆ డేటు మీద దూది అతికించుకుని తిరుగుతున్నావు నువ్వు."

ఆ మాట అన్నాక ఆవిడకే ఆశ్చర్యం వేసింది, ఇంత మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందా అని. సొలొమోను భార్య వైపు, పలక మీద తడి ఆరని అక్షరాల వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. ఏడాదిగా గుండెలో ఇరుక్కున్నదేదో కదిలినట్టు, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు ఒక్క చుక్క కూడా జారలేదని ఆయనే మధ్యలో ఆగి చెప్పాడు. ఇక సూసన్న కూడా ఆపుకోలేకపోయింది. పక్కింటి బెంగాలీ దీదీ గోడ మీంచి తొంగి చూసి, ఏం శుభవార్తో అనుకుని తనూ నవ్వి వెళ్లిపోయింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే పాత స్కూటరు తీశారు. ఏంజలిన్‌కు రాత్రి భోజనాల దగ్గర అంతా చెప్పేశారు. ఆ పిల్ల అలిగి, ఏడ్చి, చివరకు తనే స్కూటరు టైర్లలో గాలి చూసి పంపించింది. గోల్‌బజార్ సందుల్లో రిక్షాల మధ్య నుంచి దూరుతూ సొలొమోను కీర్తన పాడుతున్నాడు. వెనక కూర్చున్న సూసన్నకు పెళ్లయిన కొత్తలో ఇంట్లో చెప్పకుండా సినిమాకు వెళ్లిన రోజు గుర్తొచ్చింది. భయంగానే ఉంది, అయినా ఒళ్లంతా ఉత్సాహంగా ఉంది. లేబ్‌లో దాదా సూది గుచ్చుతుంటే ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. ఈసారి దూది అసలుది. దాన్ని సాయంత్రం దాకా తియ్యనివ్వలేదు. రక్తం కలకత్తా వెళ్లాలి, ఆదివారానికి ఫోన్లో చెప్పేస్తాను దీదీ అన్నాడు దాదా.

ఇంటికి రాగానే సూసన్న కలకత్తా డాక్టరు బాబుకు ఫోను కలిపించి, స్పీకర్ పెట్టించింది. ఇకనుంచి ఏ మాటయినా ఇద్దరూ వినాలి, టీకి వెళ్లడాలు లేవు. డాక్టరు బాబు మొదట కోప్పడ్డాడు. తర్వాత బెంగాలీలో, చిన్నపిల్లలకు చెప్పినట్టు విడమర్చి చెప్పాడు. పీఎస్‌ఏ అనే పదార్థాన్ని తయారుచేసేది ఆ గ్రంథే. గ్రంథిని మొత్తం తీసేశారు కాబట్టి రక్తంలో అది ఇంచుమించు సున్నా ఉండాలి. మెల్లగా పెరుగుతోందంటే ఎక్కడో నాలుగు కణాలు మిగిలి ఉన్నాయేమోనని అనుమానించాలి. నొప్పి, వాపు లాంటివి రావడానికి ఏళ్లు పట్టవచ్చు, ఈ పరీక్ష మాత్రం వాటికంటే ఎంతో ముందే చెప్పేస్తుంది. అంచు దాకా ఉన్నంత మాత్రాన తిరిగి వస్తుందని కాదు. అలాంటివాళ్లలో చాలామందికి అసలు రానే రాదు. రావడానికి అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ, అంతే.

"ఒకవేళ వస్తే?" అని సూసన్నే అడిగింది. సొలొమోను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

వస్తే ఒక్క పరీక్ష చూసి తీర్పు చెప్పెయ్యం అన్నాడు డాక్టరు బాబు. మళ్లీ చేసి ఖాయం చేసుకుంటారు. ఆ తర్వాత గ్రంథి ఉన్న చోట రేడియేషన్ ఇవ్వవచ్చు. ఆ వైద్యం అంకె చిన్నగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది, అందుకే మీరు పోగొట్టిన ఆర్నెల్ల మీద నాకు కోపం అన్నాడు. పాయింట్ ఒకటి లోపు ఉంటే పండగ చేసుకోండి. పాయింట్ రెండు దాటితే భయపడకండి, కానీ సోమవారం నాడు ఇక్కడ నా ఎదుట ఉండండి. చివరగా, మొగుడూ పెళ్లాల మధ్య సంగతులు ఎలా ఉన్నాయని అడిగాడు. సొలొమోను సూసన్న వైపు చూశాడు. సూసన్న ఫ్యాను వైపు చూసింది. ఆ నరాలు కోలుకోవడానికి కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది, మందులున్నాయి, సిగ్గుపడకుండా అడగండి అని ఆయనే నవ్వేసి పెట్టేశాడు. ఆ ఫోను పెట్టేశాక ఇద్దరూ చాలాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ, ఆ రోజు సొలొమోనుకు మళ్లీ గుడ్లు ఉడికాయి.

శనివారం సొలొమోను ప్లైవుడ్ పలకను మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. "సంపూర్ణ స్వస్థతకు" అన్న రెండు మాటల మీద నీలం రంగు పూసేశాడు. "కృతజ్ఞత కూడిక" మిగిలింది. దానికి డేటు అవసరం లేదు అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. చర్చి ఆడవాళ్లు తెల్లచీరల్లో, ట్రాఫిక్ కాలనీ పిల్లలు గోల గోలగా, వర్క్‌షాపు మనుషులంతా ఒకే వరసలో. డోలక్, తంబొరిన్ మోగుతుంటే టెంటు గుడ్డ కూడా అదిరింది. ఏంజలిన్ పాట ఎత్తుకుంది. సూసన్న మాత్రం ఫోను జాకెట్లో దోపుకుని, పెరట్లో బిర్యానీ గుండిగ దగ్గర అటూ ఇటూ తిరుగుతోంది. సిరిల్ భార్య తబిత వచ్చి, లోపలికి రా వదినా, అన్నయ్య సాక్ష్యానికి లేస్తున్నాడు అని చెప్పి వెళ్లింది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

లేబ్ దాదా. గొంతులో తటపటాయింపు. పాయింట్ మూడు, దీదీ.

సూసన్నకు పాట వినబడడం ఆగిపోయింది. గుండిగ మూత అంచు నుంచి ఆవిరి వస్తోంది, దాన్ని చూస్తూ నిలబడింది. ఎవరికీ తెలియదు. ఈ అంకె తన ఒక్కదాని దగ్గరే ఉంది. కూడిక అయిపోనీ, నలుగురూ తిని వెళ్లనీ, ఆయన ముఖంలో ఆ వెలుగు ఈ ఒక్క పూట ఉండనీ, రాత్రికి చెప్పొచ్చు అనిపించింది. అలా అనిపించిన మరుక్షణమే ఆవిడకు దూది గుర్తొచ్చింది. మొన్న మొగుణ్ణి పట్టుకుని అంత కడిగేసిందే, ఇప్పుడు తను చెయ్యబోతున్నదేమిటి. దాచుకోవడం ఎంత సుళువో, ఎంత ప్రేమగా ఉంటుందో అప్పుడర్థమైంది సూసన్నకు. ఆ వెనకే ఇంకో ఆలోచన పరుగెత్తుకుంటూ వచ్చింది. పాయింట్ మూడు. మూడు కాదు, ముప్పై కాదు. అది పెద్దది కాకముందే దొరికింది. మొన్న గోల్‌బజార్‌కు చేపల కోసం వెళ్లకపోతే ఇంకెన్నాళ్లు దొరక్కుండా తిరిగేదో. చేతులు చన్నీళ్లతో కడుక్కుని, ముఖం తుడుచుకుని, టెంటులోకి నడిచింది.

సొలొమోను మైకు పట్టుకుని నిలబడ్డాడు.

"పోయినసారి మీ ముందర ఏల్లతో సహా పోయినాదన్నాను. ఏల్లు నానెప్పుడు సూసినాను? అది నాను సెప్పాల్సిన మాట కాదు. దేవుడు నన్ను బతికించినాడు, అది నిజం. డాక్టరు బాబు మళ్లీ రమ్మన్నాడు, అదీ నిజం. నాను ఎల్లలేదు. ఎల్లినానని ఇంట్లో అబద్దం సెప్పినాను. మీ అందరి ముందరా సెప్పిన సాచ్చెం పోతాదని బయపడి, డేటు దాటిపోయిన బోగీలాగ తిరిగినాను."

వర్క్‌షాపు వరసలో నవ్వులు రాబోయి ఆగిపోయాయి. పాస్టరు గారు కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. సొలొమోను చూపు ఆడవాళ్ల వైపు వచ్చి, తబిత పక్కన నిలబడిన సూసన్న దగ్గర ఆగింది. ఆవిడ చేతిలో ఫోను ఉంది. కూడిక అంతా ఆయన చూపు వెంబడే అటు తిరిగింది.

"వచ్చినాదా?" అన్నాడు మైకులోనే. "అందరి ముందరే సెప్పు సూసన్నా. ఇంక దాసుకోడాలొద్దు."

సూసన్న ఒక అడుగు ముందుకు వేసింది.

"రిటన్ డేటు రేపే, ఏంజలిన్ డాడీ. పొద్దున్న బండికి ఎల్లిపోదాం. సిన్నదే. సిన్నగా ఉన్నప్పుడే దొరికినాది."

సొలొమోను కళ్లు మూసుకుని తెరిచాడు. తల ఊపాడు. ఏమైందో సగం మందికి అర్థం కాలేదు, వర్క్‌షాపువాళ్లకు మాత్రం ఒక్కసారిగా అర్థమైంది. వాళ్ల వరసలోంచి ఒక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడయింది. సిరిల్ లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"అన్నా, రేపు మీతో నాను కూడా ఎక్కుతాను" అన్నాడు. "నాకూ రాసినారు ఇదే పరీచ్చ, పోయినేడే. నీ సాచ్చెం ఇన్నాక నాను మానేసినాను. ప్రార్దనతోనే పోతాది కద అని."

మైకు సొలొమోను చేతిలోంచి జారబోతే ఏంజలిన్ పట్టుకుంది. సూసన్న పక్కన తబిత నెమ్మదిగా లేచి, కుర్చీల మధ్య నుంచి మొగుడి వైపు చూసింది.

"ఏ పరీచ్చ?" అంది.